ఇస్లామీయ విద్యాలయములలో అరబ్బీ భాషాధ్యయనము - విద్యార్థుల ఆసక్తి

భాషను నేర్పు ప్రతి విద్యాలయములోను ఉపాధ్యాయుల నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "విద్యార్థులకు ఆసక్తి లేదు." సంస్కృత పాఠశాలలలో ఈ మాట వినబడును. ఆంగ్లోపన్యాసకుల గోష్ఠులలో వినబడును. తెలుగు శాఖలలో మరింత బిగ్గరగా వినబడును. అరబ్బీ భాషను బోధించు ఇస్లామీయ విద్యాలయములలోను ఇదే మాట వినవచ్చునని చెప్పినచో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఏలయన, అచ్చట చేరు విద్యార్థికి అరబ్బీ అనేక పాఠ్యవిషయములలో ఒకటి కాదు. అది అతని ధర్మగ్రంథమైన ఖురాను భాష. దినమునకు ఐదు పర్యాయములు అతడు చేయు నమాజులోని భాష. ఇంతటి గౌరవము గల భాషయెడల ఆసక్తి సన్నగిల్లుట ఎట్లు సంభవించును? సన్నగిల్లిన ఆసక్తిని మరల పెంపొందించుట ఎట్లు సాధ్యమైనది? ఈ రెండు ప్రశ్నలను లక్నో నగరములోని ఒక విద్యాలయ చరిత్రను ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగు శాఖ ప్రకటించు పత్రికలో అరబ్బీ ప్రసంగమేల అని పాఠకులు అడుగవచ్చును. దీనికి రెండు కారణములు కలవు. మొదటిది చారిత్రకము. అరబ్బీ మనకు మిక్కిలి దూరపు భాష కాదు. హైదరాబాదులో జామియా నిజామియా అను విద్యాలయము 1876 లో ఆరంభమైనది. అరబ్బీ ప్రాచీన గ్రంథముల వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించుటకై దాయిరతుల్ మఆరిఫ్ అను సంస్థ 1888 లో ఆ నగరముననే ఏర్పడినది. పారసీక, ఉర్దూ భాషల ద్వారమున అరబ్బీ పదములు పెక్కు మన పల్లెలలోని కచేరీ చావళ్ళ వరకు వచ్చి చేరినవి. రెండవ కారణము బోధనకు సంబంధించినది. అరబ్బీ ఉపాధ్యాయునకు కలిగిన చిక్కును శ్రద్ధగా పరిశీలించినచో, తెలుగు ఉపాధ్యాయులమైన మన చిక్కుయొక్క స్వరూపము కొంత స్పష్టమగును. ఈ సంగతిని వ్యాసాంతమున ప్రస్తావింతును.

ముందుగా ఆసక్తి అను పదమును విడదీసి చూడవలెను. కెనడా దేశమున మాంట్రియల్ నగరములో ఫ్రెంచి నేర్చుకొను ఆంగ్లభాషీయ విద్యార్థులను పరిశీలించి గార్డ్నర్, లాంబర్ట్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1959 లో ఒక వ్యాసము ప్రకటించిరి. భాషాభ్యాసమునకు ప్రేరకములైన ఉద్దేశములను వారు రెండు విధములుగా విభజించిరి. ఉద్యోగము, పరీక్ష, వ్యాపారము వంటి ఫలమును కోరి నేర్చుకొనుట ఒకటి. ఆ భాష మాటలాడు జనులతో కలిసిమెలిసి మెలగవలెనను కోరికతో నేర్చుకొనుట రెండవది. మొదటిదానిని ప్రయోజనాసక్తి అనియు, రెండవదానిని సాంగత్యాసక్తి అనియు మనము వ్యవహరింపవచ్చును. ఈ విభజన తరువాతి కాలమున పెక్కు దేశముల పరిశోధకులకు ఆధారమైనది.

అయితే ఈ విభజనలో ఇస్లామీయ విద్యాలయములోని అరబ్బీ విద్యార్థి సంపూర్ణముగా ఇమడడు. మాంట్రియల్ విద్యార్థికి ఫ్రెంచివారు వీధి దాటినచో కనబడుదురు. లక్నోలోనో కాన్పూరులోనో చదువుకొను బాలునకు అరబ్బులు పొరుగువారు కారు. అరబ్బీవలన లభించు ఉద్యోగములును పందొమ్మిదవ శతాబ్దిలో స్వల్పములే. 1837 లో కంపెనీ ప్రభుత్వము కచేరీలనుండి పారసీకమును తొలగించిన పిమ్మట, ఆ పారసీకముతో కలిసి సాగుచుండిన అరబ్బీ విద్యకు సైతము లౌకికమైన విలువ తగ్గినది. అయినను విద్యార్థులు వచ్చుచునే యుండిరి. వారిని రప్పించినది ధర్మశ్రద్ధ. కావున పై రెండు విధములకు ధార్మికాసక్తి అను మూడవ విధమును చేర్చుకొనుట అవసరము.

ఈ మూడవ ఆసక్తికి ఒక విశేషము కలదు. దానికి భాషాజ్ఞానము లేకయే కొంత తృప్తి లభించును. అర్థము తెలియకున్నను ఖురాను పఠనము పుణ్యప్రదమని ముస్లిములు విశ్వసింతురు. అక్షరములను, తజ్వీదు అనబడు ఉచ్చారణ నియమములను నేర్చిన బాలుడు ఏడెనిమిదేండ్లకే గ్రంథమంతయు చదువగలుగును. కొందరు కంఠస్థము చేయుదురు. మన దేశమున వేదాధ్యయనము చేయు వటువు స్వరము తప్పక పనసలు వల్లించుచు, లౌకిక సంస్కృతమున ఒక వాక్యమైనను కూర్పలేకుండుట వంటిదే ఇది. ఇందు తప్పు పట్టవలసినది ఏమియు లేదు. పఠనము ఒక విద్య; భాషార్థజ్ఞానము వేరొక విద్య. భక్తి విద్యార్థిని విద్యాలయపు వాకిటి వరకు తోడ్కొని వచ్చును. ఒక వాక్యమును విప్పి, కర్త ఏది, క్రియ ఏది, ఈ పదమునకు ఈ తుది స్వరమేల వచ్చినది అని విచారించు శ్రమను మాత్రము అది తనంతట తాను పుట్టింపజాలదు.

ఈ భేదమును గుర్తింపనిచో ఒక అనర్థము కలుగును. అరబ్బీ పవిత్రభాష గనుక విద్యార్థికి దానియందు ఆసక్తి ఉండియే తీరవలెనని ఉపాధ్యాయుడు ముందుగా నిశ్చయించుకొనును. అటుపై విద్యార్థి వ్యాకరణ పాఠమున నిద్రపోయినచో, అది పాఠముయొక్క దోషమని తోపక, బాలుని శ్రద్ధలోని లోపమని తోచును. ఆసక్తి లేనివాడు భక్తి లేనివాడుగా పరిగణింపబడును. ఒక గణితోపాధ్యాయుడు తన విద్యార్థి లెక్క చేయలేకపోయినచో తాను చెప్పిన పద్ధతిని మార్చి చూచును. పూజ్యభాషను నేర్పువానికి ఆ ఆలోచన ఆలస్యముగా కలుగును. భాషకు గల గౌరవమే దాని బోధనా విధానమును పరీక్షింపనీయక కాపాడును.

ఇక పాఠ్యక్రమమును చూతము. మన దేశమందలి అనేక మదరసాలలో వాడుకయందున్న దర్సె నిజామీ అను పాఠ్యక్రమము లక్నోలోని ఫరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరిట వెలసినది. ఆయన 1748 లో గతించెను. హైదరాబాదు నిజాము ప్రభువులకును ఈ పేరునకును సంబంధము లేదు. ఇందు భాషాభాగము సర్ఫు, నహ్వు అను రెండు శాస్త్రములతో మొదలగును. సర్ఫు అనగా పదరూపనిష్పత్తి. నహ్వు అనగా వాక్యమున పదముల అన్వయము. మన శబ్దమంజరి, ధాతుమంజరుల వలె మీజాన్ అను చిన్న పుస్తకమునందలి క్రియారూపములను బాలురు వల్లెవేయుదురు. తరువాత 1413 లో మరణించిన షరీఫ్ జుర్జానీ రచించిన నహ్వె మీర్, అటుపిమ్మట ఇబ్నుల్ హాజిబ్ రచించిన కాఫియా, దానిపై జామీ వ్రాసిన వ్యాఖ్య చదువుదురు. కాఫియా సూత్రప్రాయమైన గ్రంథము. వ్యాఖ్య లేక అందలి వాక్యములు విడివడవు.

ఈ క్రమములో ఒక సంగతి ప్రత్యేకముగా గమనింపదగినది. తొలి వ్యాకరణ పుస్తకములలో మీజాన్, నహ్వె మీర్ మొదలగునవి పారసీకమున వ్రాయబడినవి. విద్యార్థి యింటి భాష ఉర్దూ. పుస్తకపు భాష పారసీకము. నేర్వవలసిన భాష అరబ్బీ. పారసీకము పండితుల వ్యవహార భాషగా ఉన్న కాలమున ఇది సహజమైన యేర్పాటే. ఆ వ్యవహారము తొలగిన పిమ్మటను పుస్తకములు మారలేదు. తెలియని భాషను మరియొక తెలియని భాషద్వారా నేర్చుకొనుట తరువాతి తరముల బాలురకు విధిగా పరిణమించినది.

దర్సె నిజామీని తక్కువ చేసి చెప్పుట నా యభిమతము కాదు. దాని లక్ష్యము సంభాషణము కాదు. ఎంతటి కఠిన గ్రంథమునైనను విద్యార్థి స్వయముగా ఛేదించి అర్థము చేసికొనునట్లు బుద్ధికి పదును పెట్టుటయే దాని లక్ష్యము. అందు వ్యాకరణముతోపాటు తర్కమునకు పెద్దపీట వేయబడినది. ఆ లక్ష్యమును అది సాధించినది, మహాపండితులను సృష్టించినది. అయితే అట్టి శిక్షణ ముగించినవారిలో అనేకులు అరబ్బీలో సులభమైన లేఖ వ్రాయుటకును, పది వాక్యములు పలుకుటకును తడబడుచుండిరను విమర్శ పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ముస్లిము పండితులనుండియే వెలువడినది. సాహిత్య పాఠముగా చదివిన హరీరీ మఖామాతులు శబ్దాలంకారములతో కిక్కిరిసిన గద్యము. శ్లేషలు, అంత్యప్రాసలు, అపురూప పదములు నిండిన ఆ రచనను తొలి గద్యపాఠముగా చదివినవానికి ఆ భాషలో "నాకు దాహమగుచున్నది" అని చెప్పుట ఎట్లో తెలియకుండుటలో వింత లేదు.

ఈ విమర్శకు కార్యరూపమిచ్చిన సంస్థలలో నద్వతుల్ ఉలమా ముఖ్యమైనది. ఈ పండితసభయొక్క తొలి మహాసభ 1894 లో కాన్పూరులో జరిగినది. దాని యాజమాన్యమున 1898 లో లక్నోలో దారుల్ ఉలూమ్ అను విద్యాలయము ఆరంభింపబడినది. పాతపాఠ్యక్రమమును సంస్కరించుట, అరబ్బీని జీవద్భాషగా నేర్పుట ఆ సంస్థ ఆశయములలో చేరినవి. ఈ ఆశయములకు తొలి దశలో ప్రాణము పోసినవాడు అల్లామా షిబ్లీ నౌమానీ. 1857 లో జన్మించిన ఈయన అలీగఢ్ కళాశాలలో అరబ్బీ, పారసీకములు బోధించెను. 1892 లో తుర్కీ, సిరియా, ఈజిప్టు దేశములలో పర్యటించి అచ్చటి విద్యాలయములను స్వయముగా చూచెను. 1901 మొదలు 1905 వరకు హైదరాబాదు సంస్థానమున విద్యాగ్రంథములకు సంబంధించిన శాఖలో పనిచేసెను. హైదరాబాదునుండి వెడలిన వెంటనే నద్వా విద్యాలయముయొక్క విద్యావ్యవహారముల బాధ్యత వహించెను.

షిబ్లీ కాలమున 1907 లో జరిగిన ఒక సంఘటన నద్వా చరిత్రలో ప్రసిద్ధము. ఆ సంవత్సరము పట్టప్రదానోత్సవమున సులైమాన్ నద్వీ అను విద్యార్థి ఉపన్యసించెను. ఈ విద్యాలయ విద్యార్థులు అరబ్బీలో మాటలాడగలరా అను ప్రశ్న సభలో పుట్టినది. సభికులలో ఒకరు అప్పటికప్పుడు ఒక విషయమును సూచించిరి. సులైమాన్ ముందుగా సిద్ధపడకయే ఆ విషయముపై అరబ్బీలో ఉపన్యసించెను. షిబ్లీ ఆనందాతిశయమున తన తలపాగాను తీసి శిష్యుని తలపై నుంచెను.

ఈ కథను గురుశిష్య వాత్సల్యమునకు ఉదాహరణముగా చెప్పుకొనుట పరిపాటి. భాషాబోధకుని దృష్టితో చూచినచో దీనియందు మరియొక అర్థము కలదు. సభలోని విద్యార్థులకు ఆ దినమున కనబడినవాడు కైరోనుండి వచ్చిన అరబ్బు కాడు. బీహారులోని ఒక గ్రామమునుండి వచ్చి, వారితోపాటు చదివిన సహాధ్యాయి. తమవంటివాడు ఆ భాషను పలుకుట కన్నులార చూచిన పిమ్మట, అది తమకు అసాధ్యమని తలచుట కష్టము. పరభాషా విద్యార్థికి ఆ భాష మాతృభాషగా గలవాని ఉచ్చారణ ఆదర్శమగును గాని, ధైర్యమునిచ్చునది మాత్రము తనవంటి అభ్యాసకుని విజయమే. ఆసక్తికి ఆశ ముఖ్యమైన అంగము. సాధ్యముకానిదానియందు ఎవనికిని చిరకాలము ఆసక్తి నిలువదు.

సులైమాన్ నద్వీ తరువాత తానే బాలురకొరకు అరబ్బీ వాచకములను రచించెను. ఆధునిక అరబ్బీలో క్రొత్తగా పుట్టిన పదములకు ఉర్దూలో అర్థములిచ్చు నిఘంటువును కూర్చెను. 1930వ దశకపు ఆరంభమున మొరాకో దేశీయుడైన తఖీయుద్దీన్ హిలాలీ నద్వాకు వచ్చి అరబ్బీని అరబ్బీద్వారానే నేర్పు పద్ధతిని బలపరచెను. 1932 లో అల్ జియా అను అరబ్బీ మాసపత్రిక లక్నోనుండి వెలువడినది. లక్నోలో అరబ్బీ పత్రికను ఎవరు చదువుదురు అను సందేహము సహజము. పత్రికకు పాఠకులెందరు అనుటకంటె, అందు వ్రాయుటకు విద్యార్థులకు ఒక తావు దొరకినది అనుట ఇచ్చట ప్రధానము. ఉపాధ్యాయుడు దిద్ది పారవేయు వ్యాసమునకును, అచ్చులో నలుగురు చదువనున్న వ్యాసమునకును విద్యార్థి పడు శ్రమలో భేదము ఎంతయో బోధకులందరికిని అనుభవైకవేద్యము.

ఈ వాతావరణమున ఎదిగినవాడు అబుల్ హసన్ అలీ నద్వీ. జననము 1914, మరణము 1999. ఈయన అరబ్బీ సాహిత్యమును యెమెను మూలములు గల కుటుంబమునకు చెందిన ఖలీల్ అరబ్ వద్ద అభ్యసించెను. తరువాత హిలాలీకి శిష్యుడయ్యెను. 1934 లో నద్వాలో ఉపాధ్యాయుడయ్యెను. అరబ్బు దేశములలో విద్యాభ్యాసము చేయకయే ఈయన అరబ్బీలో రచించిన ఒక గ్రంథము 1950 లో కైరోలో ప్రకటింపబడి అరబ్బుల మన్నన పొందినది. ఆ ఖ్యాతికంటె మన విచారమునకు ఎక్కువ సంబంధించినవి ఈయన కూర్చిన రెండు పాఠ్యగ్రంథములు.

మొదటిది ముఖ్తారాత్ అను గద్య సంకలనము. ఇందు అలంకార భారముగల రచనలను మాత్రమే సాహిత్యముగా నెంచక, హదీసులనుండి, చరిత్రలనుండి, లేఖలనుండి సహజ సుందరమైన గద్యభాగములను ఏరి కూర్చెను. ఒక మనుష్యుడు తన మనస్సులోని మాటను మరియొకనికి తెలుపుటకై చెప్పిన వాక్యమే ఉత్తమ గద్యమని ఈ సంకలనము విద్యార్థికి చూపును. రెండవది ఖససున్నబియ్యీన్, అనగా ప్రవక్తల కథలు. దీనిని ఆయన తన అన్నగారి కుమారుడైన బాలుని ఉద్దేశించి ఆరంభించెను. అందు వాక్యములు పొట్టివి. ఒకసారి వచ్చిన పదము మరల మరల వచ్చును. ఒక్కొక్క క్రొత్త పదము పాత పదముల నడుమ ప్రవేశించును.

ఈ రెండవ పుస్తకపు కూర్పులోని మర్మమును కొంచెము విచారింపవలెను. అబ్రహాము కథ, యూసుఫు కథ, మూసా కథ ముస్లిము బాలుడు తల్లి యొడిలోనే వినియుండును. కావున కథ తెలిసినది. భాష మాత్రమే తెలియనిది. ఒకేసారి రెండు తెలియనివాటితో బాలుడు పెనుగులాడ నక్కరలేదు. తరువాత ఏమి జరుగనున్నదో అతనికి తెలియును గనుక, ఆ జరుగనున్నదానిని చెప్పు వాక్యమును అతడే ఊహించి పట్టుకొనును. పైని చెప్పిన ధార్మికాసక్తి ఇచ్చట భాషాసక్తిగా పరిణమించుటకు మార్గము దొరకినది. పూర్వ పద్ధతియందు భక్తి ఒక ప్రక్కను, వ్యాకరణము మరియొక ప్రక్కను ఉండెను; ఈ పుస్తకమున తాను ప్రేమించు కథనే తాను నేర్చుకొను భాషలో చదువగలుగుట వలన ఆ రెండును కలిసినవి.

ఫలితమునకు దృష్టాంతము ఆ కుటుంబములోనే దొరకును. ఏ బాలుని ఉద్దేశించి ఆ కథలు ఆరంభమైనవో ఆ ముహమ్మద్ అల్ హసనీ, 1955 లో తన ఇరువదవ యేట, అల్ బఅసుల్ ఇస్లామీ అను అరబ్బీ మాసపత్రికను లక్నోనుండి స్థాపించెను. 1959 లో అర్రాయిద్ అను పక్షపత్రిక దానికి తోడైనది. ఇతడు పండిత కుటుంబమున పుట్టినవాడు గనుక ఈ దృష్టాంతమును సామాన్య విద్యార్థికి యథాతథముగా అన్వయింపరాదను మాట నిజమే. అయినను ఆ కథలు ఆ యింటిలోనే నిలిచిపోలేదు. మన దేశమున అనేక మదరసాలలోను, విదేశములలోను అవి ప్రారంభ వాచకములుగా వాడుకలోనికి వచ్చినవి.

అరబ్బీయొక్క నిర్మాణమునందే విద్యార్థిని ఆకర్షించు గుణము ఒకటి కలదు. ఆ భాషలో అధిక సంఖ్యాకములైన పదములు మూడు హల్లుల ధాతువునుండి, నిర్ణీతములైన అచ్చులలో పోసినట్లుగా ఏర్పడును. క-త-బ అను ధాతువునకు వ్రాత అని అర్థము. దానినుండి వ్రాయువాడు కాతిబు, వ్రాయబడినది మక్తూబు, వ్రాత నేర్చు చోటు మక్తబు, గ్రంథము కితాబు. ఇప్పుడు మన తెలుగు పల్లెలలోని మాటలను చూడుడు. హాజరు, దాఖలు అను మాటలు కాతిబు అను అచ్చులో పోసినవే. మామూలు, మంజూరు, మహసూలు అను మాటలు మక్తూబు అను అచ్చులో పోసినవే. అమలు, మామూలు అను రెండు మాటలును ఒకే ధాతువునుండి పుట్టినవి. జమ, జమాతు, జుమ్మా, విద్యాలయవాచకమైన జామియా - ఈ నాలుగింటికి కూడుట అను అర్థము గల ధాతువొక్కటే మూలము. వకీలు, వకాల్తా అనువాని సంబంధము చెప్పకయే తెలియుచున్నది.

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థికి ఇట్టి పదములు వేలకొలదిగా ఇంటనే లభించును. తెలుగు మాటలాడు విద్యార్థికి సైతము పదుల సంఖ్యలో లభించును. వ్యాకరణ సూత్రమును ముందుగా చెప్పి ఉదాహరణమును తరువాత చూపుటకు బదులు, విద్యార్థికి తెలిసిన మాటలను వరుసగా పేర్చి, సూత్రమును వానినుండి అతనిచేతనే చెప్పించినచో, అదే సర్ఫు అతనికి ఆటవలె తోచును. అర్థభేదములును ఆసక్తి కలిగించును. అరబ్బీలో గరీబు అనగా పరదేశి, అపరిచితుడు. మనకు వచ్చుసరికి పేదవాడైనాడు. ఈ మార్పు ఎచ్చట, ఎట్లు జరిగినదని అడిగిన విద్యార్థి అప్పటికే భాషాశాస్త్రపు గుమ్మమున నిలిచియున్నాడు.

ఆసక్తికి అడ్డువచ్చు మరియొక చిక్కును ప్రస్తావింపక తప్పదు. చార్లెస్ ఫెర్గూసన్ 1959 లో ద్విభాషారూప స్థితిని గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున ముఖ్యోదాహరణములలో అరబ్బీ ఒకటి. ఫుస్‌హా అనబడు గ్రాంథిక రూపము విద్యాలయములలోను, పత్రికలలోను, ఉపన్యాసములలోను వాడబడును. ఇండ్లలోను అంగళ్ళలోను ప్రతి దేశమునకు ఒక వ్యావహారిక రూపము కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమమును ఎరిగిన మనకు ఈ స్థితిని విశేషించి వివరింప నక్కరలేదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో పనులు విస్తరించినప్పుడు కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి మండలములనుండి తెలుగువారు పెక్కుమంది అచ్చటికి పోయిరి. వారిలో అక్షరము నేర్వనివారు సైతము యజమానితోను, అంగడివానితోను వ్యవహరించుటకు చాలినంత అరబ్బీని ఆ పనులలోనే నేర్చుకొనిరి. విద్యాలయమున ఏండ్ల తరబడి చదివినవాడు అచ్చటికి పోయినచో తొలి దినములలో అంగడి మాట అర్థముకాక తికమకపడును. తాను నేర్చినది వ్యర్థమను నిరాశ అతనికి కలుగవచ్చును.

ఈ నిరాశ సరియైనది కాదు. కూలివాని అరబ్బీ అతని అవసరముతో ముగియును. దానితో అతడు వార్తాపత్రిక చదువలేడు. విద్యార్థి నేర్చిన రూపము మొరాకోనుండి ఇరాకువరకు చదువరుల కందరకును సామాన్యము. 1973 లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ స్వీకరించినదియు ఈ రూపమునే. అయితే ఉపాధ్యాయుడు ఈ రెండు రూపముల సంగతిని ముందుగా విద్యార్థికి ఎరిగింపవలెను. నేడు హైదరాబాదు వైద్యశాలలకు వచ్చు అరబ్బు రోగులకు దుబాసీలుగా పనిచేయుటకును, అనువాదములు చేయుటకును అరబ్బీ చదివినవారు పోవుచున్నారు. ప్రయోజనాసక్తిని హీనముగా చూచు అలవాటు కొందరు పండితులకు కలదు. జీవనోపాధికై వచ్చిన విద్యార్థి సాహిత్యమునకై నిలిచిపోవుట అసంభవము కాదు. వచ్చిన కారణమును నిందించుటకంటె, వచ్చినవానిని నిలుపు ఉపాయమును వెదకుట ఉపాధ్యాయునకు తగిన పని.

ఇచ్చట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. ఆసక్తి పేరిట వ్యాకరణమును పలుచన చేసినచో కఠిన గ్రంథములను చదువగల తరము అంతరించునని పూర్వపద్ధతివారు భయపడుదురు. ఈ భయము నిర్హేతుకము కాదు. అరబ్బీలో స్వరచిహ్నములు లేకయే సాధారణముగా అచ్చు వేయుదురు. వ్యాకరణము తెలిసినవాడే వాక్యమును సరిగా చదివి అర్థము చేసికొనగలడు. వ్యాకరణము రానివాడు చదువుటయే తప్పుగా చదువును. నద్వాలో సైతము వ్యాకరణము తొలగింపబడలేదు. మారినది దాని స్థానము. భాష కొంత తెలిసిన పిమ్మట, అప్పటికే తాను వాడుచున్న వాక్యములకు కారణము చెప్పు శాస్త్రముగా వ్యాకరణము వచ్చినచో విద్యార్థి దానిని ఆహ్వానించును. వాక్యమే తెలియనివానికి ముందుగా దాని కారణము చెప్పినచో, అతడు దానిని వల్లెవేయును గాని విచారింపడు. మరియొక సంగతి స్మరింపదగినది. కాఫియాపై జామీ వ్రాసిన వ్యాఖ్యయు ఆయన తన కుమారునికొరకు వ్రాసినదే. ఎదుట ఒక బాలుని కూర్చుండబెట్టుకొని వ్రాసిన పుస్తకమే కాలక్రమమున బాలురకు భయంకరమైనది. కావున నేటి ఖససున్నబియ్యీన్ సైతము వల్లెవేయు పుస్తకముగా మారినచో ఆ గతియే పట్టవచ్చును. ఏ పుస్తకమును శాశ్వతముగా ఆసక్తిని కాపాడదు. ఎదుట నున్న విద్యార్థిని చూచు ఉపాధ్యాయుని దృష్టియే కాపాడవలెను.

ఇప్పుడు మన యింటి సంగతి. తెలుగు మాతృభాష గనుక తెలుగు విద్యార్థికి తెలుగుపై అభిమానముండి తీరవలెనని మనము ముందుగా నిశ్చయించుకొందుము. ఇంటర్మీడియటులో మార్కులకొరకు అతడు తెలుగును విడిచి సంస్కృతమును ఎన్నుకొన్నచో భాషాభిమానము లేనివాడందుము. ఎన్నుకొని వచ్చినవాడు తరగతిలో నిద్రపోయినచో మరల ఆ మాటయే అందుము. మదరసాలో భక్తికి జరిగినదే మన శాఖలలో అభిమానమునకు జరుగుచున్నది. అభిమానము వేరు, ఆసక్తి వేరు. తెలుగుకొరకు ఊరేగింపులో నినాదము చేయగల యువకునకు మనుచరిత్రలోని ఒక పద్యమును అన్వయించుకొను ఓపిక ఉండకపోవచ్చును. ఆ అభిమానము బూటకము కాదు. అది పద్యమువరకు పోవుటకు మనము దారి వేయలేదు, అంతే.

ఆ దారి ఎట్టిదో లక్నో చరిత్ర కొంత చూపుచున్నది. విద్యార్థికి తెలిసిన కథను తెలియని భాషాస్థాయిలో చదివించుట ఒకటి. భారతకథ తెలిసిన బాలునికి తిక్కన పద్యము వలన కలుగు ఆనందము, కథయే తెలియని ప్రబంధమును అలంకార నిర్ణయముతో మొదలుపెట్టినచో కలుగదు. అతని నోటి మాటలనుండియే సూత్రమును రాబట్టుట రెండవది. అతడు వ్రాసినదానిని నలుగురు చదువు చోటు కల్పించుట మూడవది. తోటి విద్యార్థి విజయమును అతనికి చూపుట నాలుగవది. వీనిలో ఏ ఒక్కదానికిని ధనము గాని, ప్రభుత్వాజ్ఞ గాని అక్కరలేదు.

గిడుగువారు సవర పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు, ఆ పిల్లలకు తెలుగుపై ఆసక్తి లేదని విచారించుచు కూర్చుండలేదు. ముందుగా తానే సవరభాష నేర్చుకొని, ఆ భాషలో వారికి పుస్తకములు వ్రాసెను. ఆసక్తి లేదను మాట ఉపాధ్యాయుని విచారమునకు ఆరంభవాక్యము కావలెనే కాని ముగింపు వాక్యము కారాదు. ఆ మాటను మనము ముగింపుగా వాడుచున్నంతకాలము, మన తరగతులలో విద్యార్థుల సంఖ్య తగ్గుటకు కారణము వారియందే వెదకుచుందుము. అది అచ్చట దొరకదు.